లావు చేస్తే పోస్టర్ అక్షరం అయిపోదు

హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్ళినా, ఏ చౌరస్తాలో నిలబడ్డా ‘శుభాకాంక్షలు’ అన్న మాట కంటపడకుండా ఉండదు. బోనాలకు, బతుకమ్మకు, రంజాన్‌కు, వినాయక చవితికి, లీడర్ పుట్టినరోజుకు, కొత్త బిర్యానీ సెంటర్ ఓపెనింగ్‌కు అన్నిటికీ అదే మాట. ఫ్లెక్స్ మీద అడుగు ఎత్తున వేసిన ఆ ఒక్క మాటను కాస్త నిలబడి చూస్తే చాలు, తెలుగు పోస్టర్ అక్షరానికి వచ్చిన కష్టం అర్థమవుతుంది. ‘భా’ కింద ఉండాల్సిన చిన్న గీత పై అక్షరంలో కలిసిపోయి ఉంటుంది. ‘క్ష’ లోపలి ఖాళీ పూడుకుపోయి ఉంటుంది. చదివేవాళ్ళకు ఆ మాట ముందే తెలుసు కాబట్టి ఇబ్బంది లేకుండా చదివేస్తారు. అదే ఫ్లెక్స్ మీద కొత్త మనిషి పేరో, కొత్త ఊరి పేరో ఉంటే మాత్రం తడబడతారు.

దీనికి కారణం డీటీపీ షాపుల్లో అక్షరాన్ని బోల్డ్ చేసే పద్ధతి. పుస్తకాల్లో, పత్రికల్లో మామూలు మ్యాటర్‌కు వాడే ఫాంట్ తీసుకుంటారు. దానికి అదే రంగు అవుట్‌లైన్ ఇచ్చి లావు చేస్తారు. స్థలం మిగిలితే అడ్డంగా సాగదీస్తారు. ఆపైన తెల్ల బార్డర్, ఎర్ర బార్డర్, నల్ల నీడ. షాపులో కూర్చున్న కుర్రాడిని తప్పుపట్టడానికి లేదు. పక్కన నలుగురు కస్టమర్లు నిలబడి ఉంటారు, పది నిమిషాల్లో ఫైల్ మెషీన్‌కు వెళ్ళాలి, చేతిలో ఉన్న ఫాంట్లలో నిజంగా పోస్టర్ కోసం గీసినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అసలు లోటు అక్కడుంది. పోస్టర్లకు, హెడ్డింగులకు పనికొచ్చే బోల్డ్ అలంకార అక్షరాన్ని ఆ పనికోసమే మొదటి నుంచి గీయాలి. మామూలు అక్షరాన్ని లావు చేసి దాన్ని రాబట్టలేం.

ఎందుకు రాబట్టలేమో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక అక్షరంలో గీత మందం, రెండు గీతల మధ్య ఖాళీ సమానంగా ఉన్నాయనుకుందాం. మందం రెట్టింపు చేయాలని అవుట్‌లైన్ ఇస్తే గీతకు రెండు పక్కలా సగం సగం పెరుగుతుంది. ఖాళీకి అటు గీత నుంచి సగం, ఇటు గీత నుంచి సగం పోతుంది. అంటే ఖాళీ మొత్తం మాయం. ఇంగ్లీషులో ‘హెచ్’, ‘ఐ’ లాంటి నిలువు గీతల అక్షరాలకు పక్కకు పెరిగే చోటుంటుంది కాబట్టి ఈ దెబ్బ అంతగా తెలియదు. తెలుగు అక్షరం లోపలికి చుట్టుకుంటుంది. ‘ఘ’, ‘ఝ’, ‘ఞ’, ‘ఱ’, ‘ళ’ చూడండి, ఎన్ని మలుపులో, ఎన్ని చిన్న చిన్న గదులో! అవి తెరిచి ఉంటేనే అక్షరం. కాబట్టి తెలుగు బోల్డ్ గీసేవాళ్ళు ఎక్కడ మందం పెంచాలన్నది తర్వాత చూసుకున్నా, ఎక్కడ పెంచకూడదో ముందు తేల్చుకోవాలి. బయటి వంపును బలంగా ఉంచి లోపలి చుట్టును సన్నం చేయాలి. రెండు గీతలు కలిసే మూలలో కొంచెం కోసి సిరా తగ్గించాలి. అక్షరం వెడల్పు కాస్త పెంచాలి. ఇదంతా కంటితో, చేతితో చేసే పని. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే అయ్యేది కాదు.

‘పంట’, ‘వంట’ తీసుకుంటే సంగతి ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. రెండింటిలో మొదటి అక్షరం ఒళ్ళు దాదాపు ఒక్కటే. ‘ప’లో తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది, ‘వ’లో అంటుకుని ఉంటుంది. తేడా చెప్పేది ఆ సందు. మామూలు సైజులో ఆ సందు వెంట్రుకవాసి ఉన్నా కన్ను పట్టేస్తుంది. అవుట్‌లైన్ ఇచ్చి లావు చేసినప్పుడు మొదట పూడేది అదే. ఎరువుల కంపెనీ పోస్టర్‌లో ‘పంట’ దూరం నుంచి ‘వంట’లా కనిపిస్తే, దాని మీద పెట్టిన డబ్బు గోడకు అంటించిన మైదాపిండితో సమానం. ‘స’, ‘ష’, ‘హ’లకూ ఇదే గండం. మంచి పోస్టర్ ఫాంట్ గీసినవాళ్ళు ఈ సందును మిగతా ఖాళీల కంటే పెద్దది చేస్తారు, అవసరమైతే తలకట్టును కొంచెం పైకి లేపుతారు.

ఒత్తక్షరాల సంగతీ అంతే. ‘ద’కు చిన్న గీత చేరితే ‘ధ’. ‘చ’కు చేరితే ‘ఛ’. ‘ప’కు చేరితే ‘ఫ’. ‘బ’, ‘భ’ల మధ్య తలకట్టు తేడా కూడా ఉంది గానీ, దీర్ఘం చేరగానే తలకట్టు పోయి ‘బా’, ‘భా’లకు కింది గీతే దిక్కవుతుంది. శుభాకాంక్షల్లో జరిగేది ఇదే. ‘శ్రద్ధాంజలి’ ఇంకా సున్నితం. అక్కడ ‘ద’ కింద ‘ధ’ వత్తు ఉంటుంది. వత్తే చిన్నది, ఆ వత్తులోని గీత ఇంకా చిన్నది. లావు చేసేసరికి అది కనిపించక ‘శ్రద్దాంజలి’ అయి కూర్చుంటుంది. కంపోజ్ చేసినవాళ్ళు సరిగ్గానే కొట్టి ఉంటారు, ప్రూఫ్ చూసినవాళ్ళు సరిగ్గానే చూసి ఉంటారు, అయినా గోడ మీద అచ్చుతప్పు! పోయినవాళ్ళ ఫోటో కింద ఆ తప్పు ఉండటం కంటే బాధ మరొకటి ఉండదు.

వత్తుల గురించి చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది. బోర్డులు రాసేవాళ్ళ దగ్గర ఒక మోటు లెక్క ఉంది: అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు పుట్టిన లెక్క. ఇంగ్లీషులో అక్షరం ఎత్తు అంటే మొత్తం ఎత్తే. తెలుగులో ‘రాష్ట్ర’ అని రాస్తే పైన ఒక అక్షరం, దాని కింద ఒక వత్తు, దానితోపాటు ఇంకో వత్తు. వత్తు ఎత్తు సుమారుగా అక్షరంలో సగం అనుకుంటే, పది అంగుళాల తెలుగు అక్షరం వంద అడుగులకు కనిపించినా దాని వత్తు యాభై అడుగులకే కనిపిస్తుంది. కాబట్టి తెలుగు హోర్డింగ్‌కు లెక్క వత్తు ఎత్తు మీద వేయాలి. పోస్టర్ కోసం గీసిన ఫాంట్లో వత్తులు పుస్తకం ఫాంట్ల కంటే పెద్దగా, వాటి గీత అసలు అక్షరం గీత కంటే కొంచెం సన్నగా ఉండటానికి కారణం ఇదే. అలా లేని ఫాంట్ ఎంత అందంగా ఉన్నా గోడకు పనికిరాదు.

ఇప్పుడు అలంకారం. ఇంగ్లీషులో అలంకారం పెట్టడానికి గీతల కొసలున్నాయి. తెలుగులో చాలామందికి మొదట తోచేది తలకట్టు. దానికి ఆకు తొడగొచ్చు, కొస మెలితిప్పొచ్చు, కత్తిలా కోయొచ్చు. తలకట్టు ప్రతి అక్షరానికీ ఉంటుందన్న భరోసాతో ఇలా చేస్తారు. కానీ ఆ భరోసా నిలవదు. ‘ఖ, జ, ట, ణ, బ, ల’ లాంటి వాటికి అసలు తలకట్టే లేదు. ఉన్నవాటికి కూడా దీర్ఘమో, గుడో, ఎత్వమో వస్తే పోతుంది. ‘బోనాల జాతర’ అని రాసి చూడండి. ‘బో’కు లేదు, ‘నా’కు దీర్ఘం వచ్చి పోయింది, ‘ల’కు లేదు, ‘జా’కు లేదు. చివరి ‘త’, ‘ర’లకు మాత్రమే ఉంది. తలకట్టు మీద మొత్తం సింగారం పెట్టిన ఫాంట్లో ఈ హెడ్డింగ్ మొదటి నాలుగు అక్షరాలూ బోసిగా, చివరి రెండూ నిండుగా వస్తాయి. కాబట్టి అలంకారాన్ని దీర్ఘానికి, గుడికి, కొమ్ముకు, కొన్నిచోట్ల అక్షరం ఒంటికి కూడా పంచాలి. అంతా ఒకే చేతి నుంచి వచ్చినట్టుండాలి, అయితే ఏదీ మరీ ఎక్కువ కాకూడదు. తెలుగు అలంకార ఫాంట్లు అరుదుగా రావడానికి అసలు కారణం ఈ పంపకం కష్టమే.

ఆ కష్టానికి ఓర్చి చేసినవాటిలో ‘రవి ప్రకాష్’ ఫాంట్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హెడ్డింగులు, పోస్టర్లు, ఆహ్వాన పత్రికల కోసమే చేసిన బోల్డ్ అలంకార ఫాంట్ ఇది. తెలుగు అక్షరాలు అప్పాజీ అంబరీష దర్భా గీశారు, ఇంగ్లీషు అక్షరాలు ఎడ్వార్డో తున్నివి. అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర ద్వారా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద అందరికీ ఉచితంగా అందింది. సిలికానాంధ్ర అందించిన ఫాంట్ల వరసలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ ఉన్నాయి, మన హైదరాబాద్‌లో 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరుమీద ‘సురవరం’ కూడా ఉంది. వీటిలో రామభద్ర బాగా పెద్ద సైజుకు చేసిన బరువైన అక్షరం. సింగారం తక్కువ, గట్టిదనం ఎక్కువ. రవి ప్రకాష్‌ది వేరే స్వభావం. దాని అందం అంతా గీతల తీరులోనే ఉంది, కాబట్టి దానికి మళ్ళీ బార్డర్లు, నీడలు తగిలిస్తే చెడిపోతుంది. ఒకే బరువులో, అంటే ఒకే గీత మందంలో దొరుకుతుంది. ఇది లోటులా అనిపిస్తుంది గానీ పోస్టర్‌కు ఒక బరువు చాలు. దానిమీద మరో పొర బోల్డ్ వేయకుండా ఉంటే అంతకంటే మేలు లేదు. పది వాక్యాల మ్యాటర్ దీనిలో కొట్టడం మాత్రం తప్పు. నాలుగైదు మాటల హెడ్డింగ్‌కు చేసిన అక్షరంతో పేరాలు నింపితే కళ్ళు లాగేస్తాయి.

ఈ తరహా అక్షరం అచ్చులో ఆలస్యంగా రావడం వెనక చరిత్ర ఉంది. లండన్‌లో 19వ శతాబ్దం మొదట్లో లాటరీ టికెట్లు, నాటకాల గోడపత్రికలు పెరిగినప్పుడు బాగా లావైన అచ్చు అక్షరాలు పుట్టాయి. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కతో పోస్టర్ అక్షరాలను యంత్రం మీద పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు, అంకెలు, చుక్కలు చెక్కితే ఒక సెట్ అయిపోతుంది. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల్లో ముక్కలు కావాలి. అంత పెద్ద సైజులో అన్ని ముక్కలు చేయించి, అరల్లో సర్దిపెట్టుకోవడం ఏ ప్రెస్సుకైనా భారమే. అందుకే తెలుగులో పెద్ద అక్షరం పని ఎక్కువగా చేతిరాత ఆర్టిస్టుల చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఆర్టిస్టులు ఈ పనిని ఎంత ఎత్తుకు తీసుకెళ్ళారో సినిమా టైటిళ్ళు చూస్తే తెలుస్తుంది. మద్రాసులో పబ్లిసిటీ డిజైనర్‌గా పనిచేసిన ఈశ్వర్, తన చేతిరాతనే ఒక శైలిగా నిలబెట్టిన బాపు ఈ విద్యలో పెద్దలు. బాపు రాత తర్వాత కంప్యూటర్ ఫాంట్‌గా మారి పెళ్ళి శుభలేఖల దాకా చేరింది. చేత్తో రాసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది: ఒకే మాటలో రెండు ‘ర’లు వస్తే రెండూ ఒకేలా ఉండనక్కర్లేదు. పై వరసలోని వత్తును కింది వరసలో ఖాళీ ఉన్నచోట దించేయొచ్చు. క్రారవడిని, అంటే ‘ర’ వత్తును, అక్షరం చుట్టూ ఎడమవైపు నుంచి పెద్దగా తిప్పి దాన్నే అలంకారం చేయొచ్చు. సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కు వచ్చాక ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో థియేటర్ల ముందు నిలబెట్టిన చేతి బ్యానర్లలో ఆ స్వేచ్ఛ కనిపించేది. ఫ్లెక్స్ మెషీన్లు రాగానే అది పోయింది. ఫాంట్ అనేది ప్రతి ‘ర’కూ ఒకే రూపం ఇస్తుంది. ఇప్పటి ఓపెన్‌టైప్ ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, పక్క అక్షరాన్ని బట్టి తగినది వచ్చేలా చేయొచ్చు. తెలుగు అలంకార ఫాంట్లలో ఈ పని ఇంకా సరిగ్గా జరగలేదు. జరగాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది.

సాఫ్ట్‌వేర్ చిక్కు కూడా చిన్నది కాదు. హైదరాబాద్ డీటీపీ షాపులు చాలా ఏళ్ళుగా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడిచాయి. పేజీలు కూర్చే ఈ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే ఉమ్మడి పద్ధతి) తెలియదు. అనులో కొట్టిన మ్యాటర్‌ను ఫోన్‌లోకో, ఈమెయిల్‌లోకో కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అయినా అందులో రకరకాల రూపాలు దొరికేవి కాబట్టి వదల్లేదు. యూనికోడ్ ఫాంట్ తెచ్చి ఫోటోషాప్‌లో వేసినవాళ్ళకు మొదట్లో ఎదురైంది విరిగిన వత్తులు. ‘శ్రీ’ అని కొడితే ‘శ్‌రీ’ అని వచ్చేది. అందులో దక్షిణాసియా భాషలకు పనికొచ్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తే వత్తు సరిగ్గా కూర్చుంటుంది. ఈ సెట్టింగ్ తెలియక ‘ఈ ఫాంట్ పనిచేయదు’ అని పక్కన పెట్టేసిన ఉచిత ఫాంట్లు ఎన్నో. ఒక్కసారి సెట్టింగ్ మార్చుకుంటే సరిపోయే దానికి అన్నేళ్ళు నష్టపోవడం బాధగా ఉంటుంది.

హైదరాబాద్ గోడకు ఇంకో ప్రత్యేకత ఉంది, మిగతా తెలుగు ఊళ్ళకు అంతగా లేనిది. ఇక్కడ తెలుగు ఒంటరిగా ఉండదు. పాతబస్తీలో ఛత్తా బజార్ శుభలేఖల ప్రెస్సులకు, ఉర్దూ రాతగాళ్ళకు పేరుపడ్డ చోటు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది, ప్రభుత్వ బోర్డుల మీద మూడు లిపులు మామూలే. బోర్డును అడ్డంగా మూడు సమాన పట్టీలు చేసి ఒక్కో భాషకు ఒక్కో పట్టీ ఇస్తారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఉర్దూ నస్తాలిక్ రాత పైనుంచి కిందికి వాలుగా దిగుతుంది, తెలుగుకు కింద వత్తులు కావాలి, పైన గుడులు, పొల్లులు కావాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఈ బాధ లేదు, పట్టీ మొత్తం నిండుగా కూర్చుంటాయి. ఫలితంగా సమాన పట్టీలో తెలుగు, ఉర్దూ కుంచించుకుపోతాయి, ఇంగ్లీషు ఒక్కటే లావుగా కనిపిస్తుంది. ఎత్తు కొలిచి పంచడం మానేసి, అక్షరం ఒళ్ళు సమానంగా కనిపించేలా పంచాలి. తెలుగుకు, ఉర్దూకు పట్టీ ఎత్తు ఎక్కువ ఇవ్వక తప్పదు.

లిపులు కలిసి ఉండే ఈ అవసరానికి ముంబైలో ఫాంట్లు గీసే ఎక్ టైప్ సంస్థ వాళ్ళ పని బాగా ఉపయోగపడుతోంది. వాళ్ళ ‘బాలూ’ గుండ్రటి లావు అక్షరాల కుటుంబం, ప్రధాన భారతీయ లిపులకు ఒకే గుణం ఉండేలా గీశారు. తెలుగు దానికి ‘బాలూ తమ్ముడు’ అని పేరు పెట్టారు. పిల్లల వస్తువులకు, స్వీట్ షాపుకు, ఐస్‌క్రీమ్ బండికి చక్కగా నప్పుతుంది. 2022లో వచ్చిన ‘అనేక్ తెలుగు’ అలంకార ఫాంట్ కాదు గానీ, ఒకే ఫైల్‌లో బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా మార్చుకోవచ్చు. ఇక్కడ జరిగే మార్పును సాగదీయడంతో పోల్చకూడదు. అక్షరం ఇరుకైనప్పుడు లోపలి ఖాళీ ఎలా ఉండాలో ఫాంట్ గీసినవాళ్ళే నిర్ణయించి పెట్టారు. రవి ప్రకాష్‌లో పెద్ద హెడ్డింగ్, కింద వివరాలకు అనేక్ తెలుగు వాడితే పోస్టర్ తేటగా వస్తుంది.

హెడ్డింగ్ రెండు వరసలైతే మరో జాగ్రత్త. ఫాంట్ తనంతట తాను వరసల మధ్య చాలా ఖాళీ ఇస్తుంది, ఎందుకంటే పైన ఎక్కడో ‘ష్ట్ర’, కింద ఎక్కడో ‘ఖీ’ వస్తాయేమోనని. పోస్టర్ డిజైనర్ ఆ ఖాళీ చూసి కంగారుపడి దగ్గరికి లాగుతారు, వెంటనే పై వత్తు కింది గుడికి తగులుతుంది. లాగే ముందు మాటలు విరిచే చోటు మార్చి చూడాలి. వత్తులున్న మాటను కింది వరసకు దించితే పై వరస శుభ్రంగా ఉంటుంది, ఖాళీ ఎంత తగ్గించినా ఏమీ తగలదు. ‘ఉజ్జయిని మహంకాళి’ పైన వేసి ‘బోనాల జాతర’ కింద వేస్తే, ‘జ్జ’ కింది వత్తు ‘బో’ నెత్తిమీద దిగుతుంది. ‘బోనాల జాతర’లో ఒక్క వత్తు కూడా లేదు కాబట్టి దాన్ని పైకి తెస్తే రెండు వరసలూ ఎంత దగ్గరికైనా వస్తాయి. అమ్మవారి పేరు పైనే ఉండాలని కమిటీవాళ్ళు పట్టుబడితే మాత్రం ఆ ఖాళీ ఉంచాల్సిందే.

కొత్త ఫాంట్ వాడేముందు ‘అఆఇఈ’ కొట్టి చూడటం వల్ల ఏమీ తెలియదు. ‘శుభాకాంక్షలు’, ‘శ్రద్ధాంజలి’, ‘రాష్ట్ర’, ‘లక్ష్మి’, ‘పంట’, ‘వంట’, ‘స్వీట్స్’, ‘గ్రాండ్ ఓపెనింగ్’ ఈ మాటలు కొట్టి, స్క్రీన్ మీద గోరంత సైజుకు తగ్గించి చూడాలి. దూరం నుంచి గోడ ఎలా కనిపిస్తుందో దాదాపు అలాగే కనిపిస్తుంది. ‘స్వీట్స్’లో పొల్లు, ‘గ్రాండ్’లో క్రారవడి నిలబడ్డాయా లేదా అన్నది తప్పకుండా చూడాలి. ఇవాళ్టి హైదరాబాద్ పోస్టర్‌లో సగం మాటలు ఇలాంటివే కదా.

రవి ప్రకాష్ లాంటి ఫాంట్ల లైసెన్స్ వాటిని సొంత వ్యాపారానికి వాడుకోనిస్తుంది, మార్చనిస్తుంది, పంచనిస్తుంది. ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు, మార్చినదాన్ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, మూల ఫాంట్ పేరు రిజర్వ్ చేసి ఉంటే ఆ పేరు వాడకూడదు. అంటే వత్తు చిన్నదిగా ఉందనిపిస్తే పెద్దది చేయొచ్చు, ‘ర’కు మరో రెండు రూపాలు చేర్చొచ్చు, ఇరుకు చోట్లకు సన్నటి వెడల్పు ఒకటి గీయొచ్చు. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో అక్షరం మీద మక్కువ ఉన్న పిల్లలకు, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం విద్యార్థులకు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా సరిపోయే పని ఇది. మొదలుపెట్టాలంటే ‘ద్ధ’ నుంచి మొదలుపెట్టడం మేలు. ఆ వత్తులోని చిన్న గీత ఎంత పొడవుంటే యాభై అడుగుల నుంచి కనిపిస్తుందో ప్రింట్ తీసి గోడకు అంటించి చూస్తే, మిగతా వత్తుల కొలత అక్కడి నుంచే వస్తుంది.